సుడిగాలి మిగిల్చిన ఊయల

విరిగిపడిన వాటిని చూసి గాలి వేగం లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. ఈసారి వచ్చినంతటి సుడిగాలిని ఎవరూ కనీవినీ ఎరుగరు. నాలుగు కిలోమీటర్ల వెడల్పున ఊరిని ఊడ్చేసింది. చీకటి పడ్డాక ఆమె ఆఖరి ఇంటికి చేరింది. కప్పు లేదు, గోడలు లేవు. ఉత్త నేల మీద ఒక ఊయల మాత్రం మెల్లగా ఊగుతోంది. చుట్టూ ఆకు కూడా కదలడం లేదు.

ఊయల ఖాళీగా ఉంది. పరుపు తాకితే వెచ్చగా తగిలింది.

"అక్కడ గాలి ఎంతుండొచ్చు?" ఫోన్‌లో పై అధికారి గట్టిగా అడిగాడు.

"కాస్త మెల్లిగా, తల్లీ," చెవి పక్కనే ఒక ఆడగొంతు బతిమాలింది. "ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకున్నాడు."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఫోన్ పెట్టేసింది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, గుమ్మం ఉండాల్సిన చోటు నుంచే, అడుగు చప్పుడు కాకుండా బయటికి నడిచింది.