రెండో కోడు

"మూడు ఆపరేషన్లు, ముగ్గురు డాక్టర్లు, క్రిమి మాత్రం ఒక్కటేనా? నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?" ఆడిటర్ మూడు ఫైళ్ళనూ బల్ల మీద పడేశాడు.

కోడర్ అమ్మాయి లేచి నిలబడింది. ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమె పని అదే. డాక్టర్ రాసిన జబ్బుకు ఒక కోడు వెయ్యాలి, ఆ జబ్బు తెచ్చిన క్రిమికి రెండో కోడు వెయ్యాలి. ఈ మూడు ఫైళ్ళలోని రోగులకూ ఆపరేషన్ గాయం చీము పట్టింది. రెండో కోడు మూడింటికీ ఒకటే పడింది.

"ల్యాబ్ రిపోర్టూ, డాక్టర్ గారు రాసిందీ చూసే వేశాను సార్."

"ఏం చూశావులే! మొదటి ఫైలు చూసి మిగతా రెండూ దించేశావు. సాయంత్రంలోగా ఒప్పుకున్నావా సరే, లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోమంటారు సార్?" అంది అమ్మాయి. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

ఆడిటర్ కాగితం మీద ఉన్నదేదీ నమ్మడు. కాఫీలో చక్కెర వేశానని భార్య చెప్పినా, చెంచాతో అడుగుదాకా కెలికి చూసే రకం. అమ్మాయిని వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వెళ్ళి అసలు రిపోర్టులు తీయించాడు. మూడింట్లోనూ అదే క్రిమి.

అమ్మాయి ప్రాణం కుదుటపడింది. ఆయన అనుమానం మాత్రం ఆమెను వదిలి వార్డు నర్సు మీదికి దూకింది.

"అయితే వార్డులోనే ఎవరో అంటిస్తున్నారన్నమాట. పద, వాళ్ళ సంగతేమిటో తేలుస్తా."

వార్డులో నర్సు సంగతి విని ఎదురొచ్చింది. "గ్లవ్స్ లేకుండా మేం ఎవరి గాయమూ ముట్టుకోం సార్."

"నిన్నడగలేదమ్మా. దొంగ ఎక్కడైనా దొంగతనం ఒప్పుకుంటాడా?" అని ఆమెను పక్కకు జరగమని, ఆ ముగ్గురు రోగుల్లో మధ్య మంచం మీదున్న ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. "భయపడకుండా చెప్పండి పెద్దాయనా. ఉత్త చేత్తో మీ గాయం ముట్టుకున్నదెవరు?"

ముసలాయన నర్సు వైపు చూశాడు, అమ్మాయి వైపు చూశాడు, నసిగాడు.

"చెప్పండి, ఎవరైనా సరే వదిలిపెట్టను."

"ఎవరో ఏమిటి బాబూ? ఆపరేషనైన మర్నాడు, ఫైల్లో రాసింది నిజమో కాదో చూడాలంటూ పక్క మంచమాయన గాయం తడిమి, అదే చేత్తో నా కట్టూ, ఈ పక్కాయన కట్టూ ఎత్తి చూసింది మీరే కదూ!"