రెండో పిలుపు

"చెవుల్లో బిరడాలు పెట్టుకుంటావా? పెట్టుకో. చేతులకి గాజులు కూడా తెచ్చిస్తా!"

పిడుగు మేస్త్రి మాటకి రేకుల షెడ్డంతా ఘొల్లుమంది.

ఇనుప ట్యాంకులు చేసే షెడ్డది. సుత్తులు మొదలయ్యాయంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. చెవులు పోకుండా ఉంటాయని కంపెనీవాళ్లు మనిషికో జత పసుపు రంగు స్పాంజి బిరడాలు పంచి వెళ్లారు.

బక్కోడు తన జతని అరచేతిలో పట్టుకుని తటపటాయించాడు. మేస్త్రి అతనికి స్వయానా బాబాయి. తండ్రి పోయాక చేరదీసి, పెంచి, సుత్తి పట్టడం నేర్పినవాడు.

"మీ నాన్న పెట్టుకున్నాడట్రా ఇవి? నా చెవులు ఏనాడో పోయాయి. మగతనం ఏమన్నా తగ్గిందా?"

నిజమే. ఒక్క పిలుపుకి మేస్త్రి ఎన్నడూ పలకడు. రెండోసారి అరవాలి. అదీ ఓ దర్జాలాగే ఉండేది అందరికీ. ఎర్ర తువ్వాలు చెవుల మీదుగా బిగించి, మీసం దువ్వుతూ నిలబడితే మగాడంటే వీడేరా అనిపించేవాడు. ఆ తువ్వాలు నిద్రలో కూడా విప్పడని షెడ్డులో జోకులేసుకునేవాళ్లు.

"తేండ్రా ఇలా, ఆడంగి సరుకు! చెత్తలో పారేస్తా."

అందరూ ఇచ్చేశారు. బక్కోడూ ఇచ్చేశాడు. పరువు పోతే మళ్లీ వస్తుందా మరి! మేస్త్రి అన్నీ జేబులో కుక్కుకున్నాడు.

ఏళ్లు గడిచాయి. బక్కోడికి పెళ్లయింది, పాప పుట్టింది. ఓ రోజు భార్య విసురుగా వచ్చి, అతని పక్కనే ఉన్న పాపని ఎత్తుకుంది.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటి?" అని చెవి దగ్గరకొచ్చి అరిచింది.

కన్నకూతురి ఏడుపు అతనికి వినపడనే లేదు.

డాక్టరు కూడా అరిచే చెప్పాడు. "పోయింది తిరిగి రాదు. మిగిలిందన్నా కాపాడుకో. ఇన్నాళ్లూ చెవులు ఎందుకు మూసుకోలేదయ్యా?"

దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఇంటికొచ్చాడు. పాప 'నాన్నా' అన్న రోజున అది తన చెవిన పడుతుందా? ఒక్కటే ఊరట. బాబాయికీ ఇదే గతి పట్టింది కదా, ఆయన ఓర్చుకోలేదూ? ఎలా ఓర్చుకోవాలో ఆయన్నే అడగాలనుకున్నాడు.

ఇంట్లోనే దొరికాడు బాబాయి. పాపని చూద్దామని షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. వాకిలికి వీపు పెట్టి ఊయల ముందు కూర్చున్నాడు. బక్కోడి భార్య వంటింట్లో ఉంది.

"బాబాయ్!"

మేస్త్రి పలకలేదు. పాపం, అనుకున్నాడు బక్కోడు. ఇక తన బతుకూ ఇంతే. ఊయలలో పాప బోసినోరు తెరిచి ఏదో అంటోంది. అదేమిటో ఇద్దరికీ వినపడదు కదా అనుకుంటూ, రెండోసారి పిలవబోయాడు.

అప్పుడు మేస్త్రి ఎర్ర తువ్వాలు విప్పి, రెండు చెవుల్లోంచి పసుపు బిరడాలు తీసి జేబులో వేసుకుని, పాప నోటి దగ్గరికి చెవి వంచాడు.