కొంగున కట్టిన సామలు

“గట్టిగా పట్టుకోండ్రా. పళ్లు ఊడితే ఈ ముసిల్దాని మంత్రం పలకదు.”

అప్పలసూరి రాయి అందుకున్నాడు.

వంశధార ఒడ్డున ఉన్న ఆ పల్లెలో నెల తిరక్కుండానే ఇద్దరు పిల్లలు పొట్టలు ఉబ్బి, కళ్లు పచ్చబడి పోయారు. ఇప్పుడు అతని కూతురు తాయారు పొట్టా కుండలా లేచింది.

పది రోజుల కిందట ఎక్కడినుంచో వచ్చిన అసిరమ్మ అనే ముసలిది, ఇంటింటా పిల్లల పొట్టలు దారంతో కొలిచి ముడులు వేసింది. ఇంటికో గుప్పెడు సామలు అడిగి మూటలు కట్టింది.

చిల్లంగి పెడుతోందని, పిల్లలకి చేతబడి చేస్తోందని ఊరంతా తేల్చేసింది.

“ఈ దారాలేటే?” రాయి ఎత్తి పట్టుకుని అడిగాడు అప్పలసూరి.

“తరవాత సెప్తాను బాబూ. ముందు ఆ సామలు వండడం మానీండి. గుంట బతుకుతాది.”

“తాతలనాటినుంచీ తింటన్నాం. తిండి మాన్పించి సంపుతావేటి?”

రెండు ముందుపళ్లు రాలాయి. దారాలూ మూటలూ మంటలో పడ్డాయి. ఆమెను ఏరు దాటించి వచ్చిన అప్పలసూరి, పంతం కొద్దీ తన చేత్తోనే కూతురికి సామల గంజి తాగించాడు.

ఆరో రోజున తాయారు పోయింది.

తొమ్మిదో రోజున జీపు వచ్చింది. డాక్టరు లక్ష్మణరావు దిగి, గుప్పెడు సామలు చేటలో పోసి, నల్లగింజలు ఏరాడు.

“గిలకిచ్చ గింజలు. కలుపు తీయని చేలో సామలతో పాటే నూర్పిడికి వస్తాయి. కాలేయాన్ని తినేస్తాయి.”

“ఎవరింటి సామలు బాబూ ఇవి?” అంది అప్పలసూరి భార్య జగ్గమ్మ.

“తాయారు వాళ్లింటివట. అసిరమ్మ కొంగున కట్టుకుని తెచ్చింది. నోరు వాచిపోయి, ఆ పేరొక్కటే పలకగలిగింది.”

“ఆవిడెవరు బాబూ?”

“నిరుడు ముగ్గురు మనవల్ని పోగొట్టుకుంది. ఈ గింజని పట్టుకున్నది నేను కాదు, ఆవిడే. రుజువుకి ఒక్క ఊరి లెక్క చాలదన్నారు మా పైవాళ్లు. రెండో ఊరి లెక్క తెస్తానని బయల్దేరింది. చదువు రాదు, అందుకే ముడులు. ఆ దారాలు ఇలా ఇవ్వండి.”

“మంటలో ఏసీసినాం బాబూ,” అంది జగ్గమ్మ.

డాక్టరు నిట్టూర్చి, పోయిన పిల్ల వివరాలు అడిగి నోటుబుక్కు తెరిచాడు.

“తాయారు. ఆరేళ్లు. నవంబరు 1968. కారణం, గిలకిచ్చ.”

“తప్పు రాసినారు బాబూ.”

అప్పలసూరి ముందుకు వచ్చాడు.

“ఆ తల్లి మానీమన్న రోజుకి నా గుంట బతికే ఉన్నాది. ఆ తరవాత ఆరు రోజులు గంజి తాపినోడు అప్పలసూరి. ఆ పేరు రాయండి.”