నడిచేవాళ్లకు జాగ

తంబాకు గల్లీలో పదకొండు అరుగులను ఒక్క కారు మింగింది. ఇది జరిగిన సంగతి. ఇందులో వాదనకు తావు లేదు.

బోధన్‌లో అదొక ఇరుకు గల్లీ. రెండు వైపులా బండరాతి అరుగులు. వాటి మీద పొద్దంతా ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు. మధ్యలో మిగిలిన దారిలో జనం నడిచేవారు.

గల్లీ చివరి ఇల్లు బాపురావుది. అందరికీ ఆకూ తంబాకూ ఇచ్చేది అతనే. చుట్టిన కట్టలు పనికొస్తాయో లేదో తేల్చేదీ అతనే. కారున్నదీ అతనొక్కడికే.

ఆ ఇంటి నుంచి బజారుకు మూడు వందల అడుగులు. బాపురావు కారులో పోయేవాడు, కారులో వచ్చేవాడు.

నల్ల కారు. పొగ వదలదు, చప్పుడు చేయదు. చెరకు బండి ఎద్దులకున్నంత తొందర కూడా దానికి లేదు. అయినా బాపురావు రబ్బరు హారన్ పిసికితే చాలు, గల్లీలో పనులు ఆగిపోయేవి. చాటలనూ బిందెలనూ పిల్లలనూ లోపలికి లాక్కునేవారు.

ఆ కారును అందరికన్నా ఎక్కువ తిట్టేవాడు ఎర్రన్న. వారానికోసారి దాని వెనకాలే బజారు దాకా తిట్టుకుంటూ పోయేవాడు. తిట్టుకుంటూనే తిరిగి వచ్చేవాడు. ఒళ్లంతా చెమటలు పట్టేలా తిట్టేవాడు.

"మూడు వందల అడుగులు నడిస్తే ఏం పోతది ఆ మనిషికి?" అనేవాడు, వచ్చి తన అరుగు మీద కూలబడి.

"పొట్ట పోతది," అనేది పక్కింటి అంజవ్వ, చేతిలో బీడీ ఆపకుండా.

ఎర్రన్న భార్య భూమవ్వ ఇరవై ఏళ్లు ఆ అరుగు మీదే కూర్చొని చుట్టింది. ఆమె కూర్చున్న చోట బండ నున్నగా అరిగింది. ఆమె పోయి రెండేళ్లయింది. ఫోటో దిగలేదు. ఆమెదంటూ మిగిలింది ఆ నున్నటి జాగ ఒక్కటే. ఎర్రన్న అక్కడ తను కూర్చోడు, ఇంకొకరిని కూర్చోనివ్వడు.

పంతొమ్మిది వందల అరవై మూడులో బాపురావు పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. గల్లీ ఇరుకైంది, అరుగులు తీయించండి అని.

విచారణకు పట్నం నుంచి ఒక ఓవర్సీరు వచ్చాడు. ఇంకా మీసాలు సరిగా రాని మనిషి. గల్లీ మొదట్లో స్టూలు వేసుకొని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ లెక్కపెట్టాడు. ఆరు వందల పన్నెండు మంది. కార్లు సున్నా.

ఆ రోజు బాపురావు కారు తీయలేదు. "సారు పని చేసుకుంటుండు, అడ్డమెందుకని ఆపిన," అన్నాడు.

సాయంత్రం అందరూ బాపురావు ఇంటి ముందు చేరారు. బాపురావు కారు ముందు నిలబడి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించాడు.

"నడిచేవాళ్లు ఆరు వందలు. కారు ఒకటి," అన్నాడు ఓవర్సీరు. "దారి నడిచేవాళ్లది. ఒక్క కారు కోసం పదకొండు అరుగులు ఎందుకు పగలగొట్టాలి?"

గల్లీ ఊపిరి పీల్చుకుంది. పుట్టిన తర్వాత మొదటిసారి ఎర్రన్న ఒక సర్కారు మనిషికి మనసారా దండం పెట్టాడు.

"కారు కోసమని ఎవరన్నరు సారు?" అన్నాడు బాపురావు. "నా కారు ఇప్పుడు గూడ పడుతది. పక్కపొంటి మనుషులే పడుతలేరు. అటిద్దరు ఇటిద్దరు నడిచే జాగ కావాలె. అర్జీ సూడుండ్రి, గదే రాయించిన."

ఓవర్సీరు అర్జీ విప్పాడు. నిజంగా అదే రాసి ఉంది.

"అయితే ఇది మీ కోసం కాదా?"

"నాకెందుకు సారు? నేను లోపల కూసుంట."

ఓవర్సీరు ముఖం వెలిగింది. "నడిచేవాళ్ల గురించి ఇంత ఆలోచించే కారు యజమానిని నేను ఎక్కడా చూడలేదు."

"మేం గూడ సూడలే," అంది అంజవ్వ.

ఆ గొంతులో ఏదో తేడా వినిపించింది ఓవర్సీరుకు. ఎర్రన్న వైపు తిరిగాడు.

"పొద్దున్నుంచీ ఆ కారును తిడుతున్నారు మీరు. దాని గురించి నాకు తెలియనిది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. కాగితం చింపేసి పోతాను. మీ అరుగులు మీకుంటాయి."

"చెప్పు ఎర్రన్నా," అన్నాడు బాపురావు మెత్తగా. "రేపు నీ కోడలు ఆకుకు వస్తది గద. చెప్పు."

ఎర్రన్న తన అరుగు వైపు చూశాడు.

"ఏం లేదు సారు," అన్నాడు.

ఓవర్సీరు సంతకం పెట్టాడు. నడిచేవాళ్ల కోసం తను వేయించిన మొదటి బాట ఇదే అని అందరికీ చెప్పి, చేతులు కలిపి, చాయ్ తాగి పోయాడు.

వారం తిరక్కుండా గడ్డపారలు దిగాయి. భూమవ్వ కూర్చున్న బండ మూడో దెబ్బకు విరిగింది. ముక్కలు బండికెత్తి తీసుకుపోయారు.

"ఒక్క మాట అంటే అయిపోతుండె గదనే అన్నా," అంది అంజవ్వ.

"నోరు నీకు లేదా? నువ్వెందుకు అనలే?"

అంజవ్వ చాట గడప లోపలికి జరుపుకుంది.

"ఇగ గా ముచ్చట నా ముందల తియ్యకు," అన్నాడు ఎర్రన్న.

బాపురావు ఆ కారు ఇంజను పీకించి చెరకు తోట బావికి బిగించుకున్న నాటి నుంచి అతన్ని అందులో కూర్చోబెట్టి బజారుకు తోసేది వంతులవారీగా గల్లీ మగవాళ్లేననీ, వాళ్లలో తనూ ఒకడిననీ ఎర్రన్న ఆ రోజు చెప్పలేదు, ఇక ఎన్నటికీ చెప్పడు.