పఫిన్ రేవు చేరిన రోజు

"వద్దు వదినా. గాలి చూశావా? ఇటు జరుగు, పడవను జెట్టీకి నేను ఆనిస్తాలే."

మార్గిట్ జరగలేదు. దీవి మలుపు తిరిగేదాకా పఫిన్ పడవను నడిపింది మరిది కార్‌స్టెనే. రేవు కనబడగానే ఆమె లేచి వచ్చి స్టీరింగ్ ముందు నిలబడింది.

జెట్టీ నిండా టగ్గులే. ఓడల్ని లాగే టగ్గుల్లాగే పొగగొట్టమూ, ఎత్తయిన ముక్కూ ఉంటాయిగానీ, ఇవి లాగేదేమీ లేదు. ఒట్టి షోకిల్లా పడవలు. ఏటా సెప్టెంబరులో ఇక్కడ చేరతాయి. వచ్చే ప్రతి పడవనూ కాఫీ కప్పులతో జనం వరసగా నిలబడి చూస్తారు. నేర్పుగా ఆనిస్తే చప్పట్లు. ఎక్కడైనా గీసుకుందా, ఆ ముచ్చట మళ్లీ ఏడాదిదాకా సాగుతుంది. నిరుడు ఆమె భర్త హాల్వర్ చప్పట్లు కొట్టించుకున్నాడు. ఈ ఏడు హాల్వర్ లేడు.

"మాట గుర్తుందిగా? ఒక్క గీత పడినా పఫిన్ నాకు అమ్మేస్తావు," అన్నాడు కార్‌స్టెన్.

"గుర్తుంది. ముందుకెళ్లి మోకు పట్టుకో. చుట్ట విప్పి ఉంచుకో, లేకపోతే కాలికి తగులుకుంటుంది."

"అన్నయ్య ప్రాణం వదినా ఈ పడవ. ముక్కలు చేయకు," అని గొణుక్కుంటూ వెళ్లాడు.

పఫిన్ పోతే ఆమెకు మిగిలేది ఊళ్లో మూడో అంతస్తు ఇల్లు, కిటికీలోంచి ఎదురింటి గోడ.

స్టీరింగ్ చెక్క మీద హాల్వర్ చేతులు పడ్డచోట వార్నిషు అరిగిపోయింది. సరిగ్గా అక్కడే అరచేతులు ఆనించింది. ఈ చెక్కను ఇలా పట్టుకోవాలని ఎంత అల్లాడిపోయిందో ఆమెకే తెలుసు.

గాలి పఫిన్‌ను పక్క పడవ మీదికి తోస్తోంది. జెట్టీ మీద కప్పులు నోటి దగ్గరే ఆగిపోయాయి. రేవులోకి వచ్చేటప్పుడు హాల్వర్ తనలో తాను అనుకునే మాటలు ఆమె చెవుల్లో మోగాయి. గేరు తీసెయ్. తొందరపడకు. గాలినే తొయ్యనీ. ఇప్పుడు, కొంచెం వెనక్కి.

"గుద్దేస్తున్నాం వదినా!"

"నోర్మూసుకుని మోకు విసురు!"

పఫిన్ పిల్లిలా వచ్చి జెట్టీ పక్కన ఆగింది. గీత కాదు కదా, చప్పుడు కూడా లేదు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

"సరే, ఓడిపోయాను. ఇక పడవ ఊసెత్తను," అన్నాడు కార్‌స్టెన్ నుదురు తుడుచుకుంటూ.

మార్గిట్ స్టీరింగ్ వదలకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క పడవలోని స్నేహితురాలు డోరీన్ పరిగెత్తుకొచ్చి ఆమెను పొదువుకుంది.

"ఊరుకోవే. ఆయనే పక్కనుండి నడిపించినట్టుంది. ఎంత ఓపిగ్గా నేర్పాడో మహానుభావుడు!"

"ముప్పై ఏళ్లు డోరీన్," అంది మార్గిట్ కళ్లు తుడుచుకుంటూ. "ముప్పై ఏళ్లు!"

హాల్వర్ ఒక్కనాడూ ఆమెను ఆ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు.