సున్నా ఏళ్ల అనుభవం

డిగ్రీ పట్టా ఉన్న కవరును ఆమె రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. జీతాల గుమాస్తా దాన్ని ఒక్క వేలితో దగ్గరికి లాక్కున్నాడు.

ఆ కళ్లద్దాల కంపెనీలో అందరూ ఆయన్ని 'ఎనిమిదో క్లాసు బాబాయ్' అంటారు. ఎందాకా చదివారని ఎవరడిగినా ఆయన చెప్పే జవాబు అదే.

"పాసయ్యావన్నమాట. ఇప్పుడేం కావాలి తల్లీ?"

"జీతం పెంచాలి బాబాయ్. పదో తరగతి అవగానే చేరా. ఆరేళ్లుగా తయారైన అద్దాల మీద గీతలుంటే పట్టుకుంటున్నా. సాయంత్రం కాలేజీలో చదివి ఇదిగో, డిగ్రీ తెచ్చుకున్నా. ఒకటో తారీఖుకి గది మాట్లాడుకున్నా. పిన్నివాళ్ల వంటింటి గుమ్మంలో ఇంక పడుకోలేను. నన్ను దాటుకుంటూ తిరగడం పిల్లికి కూడా అలవాటైపోయింది."

బాబాయ్ రూల్సు పుస్తకం తిప్పాడు. "డిగ్రీ ఉన్నవాళ్లకి అనుభవం పట్టా తేదీ నుంచే లెక్క. నీది పోయిన మంగళవారం. అంటే ఆరు రోజులు. అందులో ఆదివారం సెలవు."

"మరి ఆరేళ్లు?"

"అవి పదో తరగతి పిల్లవి. నువ్వు డిగ్రీ అమ్మాయివి. ఆ పిల్లతో నీకేం పని?"

ఆమెకు నవ్వు రాలేదు. "జీతమెంత వస్తుంది?"

"కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చేదే. ఇప్పటికన్నా పదిహేను వందలు తక్కువ. ముద్ర పడితే వచ్చే నెల నుంచే అమలు. ఆర్నెల్లు శిక్షణ కూడా."

"గీతలు పట్టుకోవడం నాకెవరు నేర్పుతారు?"

"ఆ సెక్షన్లో సీనియర్ నువ్వే కదా. నీకు నువ్వే నేర్పుకో."

ఆయన ముద్రను సిరాలో అద్దాడు. ఆమె గబుక్కున పట్టా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బాబాయ్! ఉన్న జీతంతోనే ఎలాగో గది అద్దె కట్టుకుంటా. ఇచ్చెయ్, ఇంటికి తీసుకెళ్తా."

"తీసుకెళ్లి? మీ పిన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తుంది. మనవాళ్లెవరో చూసి ఇక్కడికొచ్చి ఊదుతారు."

"ఫ్రేముకి ఆర్డరు కూడా ఇచ్చేసింది," అందామె నీరసంగా.

"ఎనిమిదో క్లాసుతో ఇరవై ఏళ్లు నెగ్గుకొచ్చా. నీకేమో ఆరేళ్లకే చదువు పొంగుకొచ్చింది!"

విసుక్కుంటూనే ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి, బల్ల కింది సొరుగు తాళం తీసి, ఆమె డిగ్రీని తన రెండు ఎమ్మే పట్టాల మీద నలగకుండా సర్దాడు.