చినామి తరఫు మనిషి

కురాతా చేతిలోని దుమ్ము దులిపే కుచ్చు ఈసారి పుస్తకాల మీద కాదు, ముసలావిడ భుజం మీదే పడింది.

ఆమె కదల్లేదు. పేజీ తిప్పింది.

"బామ్మగారూ, ఇది లైబ్రరీ కాదు," అన్నాడు కురాతా.

"తెలుసు. లైబ్రరీలో మాట్లాడనివ్వరు."

జపాన్‌లోని హాచినొహె రేవు వీధిలో కురాతాది చిన్న పుస్తకాల కొట్టు. అమ్మాయిల బొమ్మల కథల పత్రిక వచ్చిన రోజున ఈ ముసలావిడ తయారు. అంత లావు పత్రికలో ఆమె చదివేది ఒక్క సీరియలే. నిలబడి చదవడం, పెట్టేసి వెళ్ళడం. కొనడం మాత్రం లేదు.

ఆ సీరియల్లో నాయిక పేరు చినామి. కోపం ముక్కు మీదే ఉంటుంది. స్నేహితురాలికి మంచి మార్కులు వస్తే కుళ్ళుకుంటుంది. ఏడిస్తే ముక్కు కారుతుంది. తల్లి రేవులో చేపలు కోస్తుంది. ఆ సంగతి బయటపడుతుందేమోనని, తను ఇష్టపడ్డ హయాసెతో "మా అమ్మ చచ్చిపోయింది" అని చెప్పేసింది.

"ఈ చినామిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది తాతా," అంది తరచూ కొట్టుకొచ్చే పిల్ల రింకో, స్కూలు సంచీ భుజాన సర్దుకుంటూ. "ఈ నెల పత్రికతో వచ్చిన అభిప్రాయం కార్డులో రాసేస్తాను, ఈ సీరియల్ ఆపేయమని."

అలాంటి కార్డులు ఎక్కువ వస్తే పత్రికవాళ్ళు నిజంగానే ఆపేస్తారు.

ముసలావిడ పత్రికలోంచి తలెత్తింది.

"ఎందుకమ్మా ఒళ్ళు మంట?"

"బతికున్న తల్లిని చచ్చిపోయిందని ఎవరైనా అంటారా?"

"పిల్లాడి ముందు సిగ్గేసింది. నోరు జారింది."

"మా అమ్మ కూడా చేపలే కోస్తుంది. నేను అన్నానా అలా?"

"నీకు నచ్చిన పిల్లాడి ముందుకి మీ అమ్మ ఎప్పుడైనా ఆ రబ్బరు బూట్లతో వచ్చిందా?"

రింకో చెవులు ఎర్రబడ్డాయి.

"వచ్చినప్పుడు చూద్దాంలే," అంది ముసలావిడ. "అబద్ధం ఆడిన రోజు ఈ పిల్ల అన్నం ముట్టలేదు. చూశావా అది? మంచి పిల్లల కథల్లో ఏముంటుంది? పొద్దున్నే లేస్తారు, అందరికీ వంగి దండం పెడతారు, పెళ్ళి చేసుకుంటారు. ఇది పడుతుంది, లేస్తుంది, మళ్ళీ అక్కడే పడుతుంది. అయినా మోకాళ్ళు దులుపుకుని పరుగెడుతుంది. నాకైతే అంత గుండె లేదు."

"ఇందులో నీకేమైనా వాటా ఉందా బామ్మా?"

"ఉందనుకో. ఆ కార్డు రాయకు."

"సరేలే. ఒక నెల చూస్తాను," అంది రింకో నవ్వుతూ.

"మీరు కొనుక్కెళ్ళి ఇంట్లో చదువుకోవచ్చుగా," అన్నాడు కురాతా.

"ఇంట్లో ఈ పిల్ల తరఫున ఎవరితో పోట్లాడను?"

మరుసటి నెల కురాతా పత్రికలన్నిటికీ అడ్డంగా, నిలువుగా తాడు కట్టేశాడు.

ముసలావిడ వచ్చి చూసింది. తాడు కింద వేలు దూర్చబోయి, మానేసింది.

"ఒక్కటి విప్పండి. ఈ నెల చెబుతుందో లేదో చూసి వెళ్ళిపోతాను."

"ఏం చెబుతుందో?"

"అమ్మ బతికే ఉందని."

"కొంటే విప్పుతాను."

"ఇంట్లో చదవలేనయ్యా. ఒక్కదాన్నే చదివితే ఏడుపొస్తుంది."

"అందరూ ఇలాగే ఏదో ఒకటి చెబుతారు."

ఆమె అట్ట మీది చినామి జుట్టును వేలితో ఒకసారి సవరించింది.

"గాలి ఎక్కువగా ఉంది. తలుపు దగ్గరగా వేసుకోండి," అంది.

వెళ్ళిపోయేవాళ్ళు ఎప్పుడూ ఇంతే. అసలు మాట వదిలేసి గాలి గురించి చెబుతారు.

మధ్యాహ్నం బేరాలు లేక, కురాతా ఒక ప్రతికి తాడు విప్పాడు. అంత గొడవ దేనికో చూద్దామని చదివాడు.

రైలు కదలబోతోంది. హయాసె కిటికీలో ఉన్నాడు. చినామి ముక్కు తుడుచుకుంటూ రైలు వెంట పరుగెడుతోంది. "అబద్ధం చెప్పాను. మా అమ్మ బతికే ఉంది. చేపలు కోస్తుంది. నాకు ఆవిడంటే చచ్చేంత ఇష్టం."

కురాతా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ ప్రతికి మళ్ళీ తాడు కట్టలేదు. పైనే పెట్టి ఉంచాడు.

చదవడానికి మళ్ళీ వస్తుందనుకున్న ముసలావిడ మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

రింకో వచ్చి చదివి, కార్డులో చినామికే ఓటు వేసింది. "బామ్మ ఏది తాతా? ఓడిపోయానని చెప్పాలి."

"వస్తుందిలే," అన్నాడు.

వచ్చింది ఆమె కాదు. చావింటి నల్లబట్టల్లో, నడివయసు దాటుతున్న ఒకావిడ. చేతిలో, తెల్లగుడ్డలో చుట్టిన పెద్ద ఫోటో. పక్కన స్టూడియోలో ఫ్రేము కట్టించుకుని వస్తున్నట్టుంది.

"ఇది ఇస్తారా?" పైనున్న ప్రతిని తీసుకుంది. "మా అమ్మ శవపేటికలో పెట్టాలి."

"ఆవిడ చదివేవారా?"

"లేదండీ. ఆవిడకి తెలియనే తెలియదు. వేరే పేరుతో ఈ బొమ్మలు వేసేది నేనే. ఈ చినామిని కూడా నేనే." ఆమె ముక్కు తుడుచుకుంది. "టోక్యోలో అందరికీ అమ్మ పోయిందనే చెప్పాను. ముందు చినామి చేత నిజం చెప్పిస్తే, తర్వాత నేనూ ఇంటికొచ్చి చెప్పగలననుకున్నాను. పోనీలెండి. ఇవన్నీ చదివి ఉంటే నన్ను అసహ్యించుకునేది."

సంచీ తెరవడానికి ఆమె ఫోటోను బల్ల మీద పెట్టింది. గుడ్డ జారింది.

చినామి మీద ఈగ వాలనివ్వని ముసలావిడ, ఆ ఫోటోలోంచి కురాతాని చూస్తోంది.